పాత్రకు న్యాయం చేసింది ఎవరు?

తమ్ముడూ,

నీ రివ్యూ రెండుసార్లు చదివాను. మొదటిసారి అది వచ్చిన వెంటనే, రెండోసారి సినిమా చూసొచ్చాక. బాగా రాయలేదని అనను, చదువుతుంటే ఎక్కడా తడబాటు లేదు, నాకు అనుమానం వచ్చింది కూడా అందుకే. "కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం", "ఎమోషన్స్ బాగా వర్కవుట్ అయ్యాయి", "సెకండాఫ్‌లో కాస్త సాగదీత", "నటీనటులంతా తమ పాత్రలకు న్యాయం చేశారు". ఈ నాలుగు వాక్యాలూ ఏ ఫ్యామిలీ డ్రామా పోస్టర్ కింద అతికించినా ఇట్టే సరిపోతాయి. నేనూ ఇలాగే మొదలుపెట్టినవాణ్ణే కాబట్టి నిన్ను నాలుగు మాటలు అనే చనువు తీసుకుంటున్నాను.

ఆ చివరి వాక్యం సంగతి ముందు చూద్దాం. పాత్రకు న్యాయం చేయడం అనే మాట మనం ఎప్పుడూ నటుల ఖాతాలోనే వేస్తాం. వాళ్లకంటే ముందు ఆ న్యాయం చేయాల్సింది కథ రాసినవాడు కదా. ఫ్యామిలీ డ్రామాలో మామూలుగా విలన్ డెన్ ఉండదు, పట్టుకోవాల్సిన హంతకుడు ఉండడు. ఉన్నదల్లా ఒక ఇంట్లో నలుగురు మనుషులు, ఎవరి కారణం వాళ్లకి. ఆ కారణాలు నలుగురికీ ఇచ్చాడా, లేక ఇద్దరికి ఇచ్చి మిగతా ఇద్దరినీ మనల్ని ఏడిపించడానికి వాడుకున్నాడా? నన్నడిగితే ఈ రకం సినిమాలో బలమైనా బలహీనతైనా సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. కెమెరా, పాటలు, నిడివి అన్నీ దీని తర్వాతే.

నువ్వు రాసిన సినిమానే తీసుకో. తండ్రి మంచాన పడ్డాడు, పెద్దకొడుకు చూసుకుంటున్నాడు, చిన్నకొడుకు ఇల్లు అమ్మేద్దామంటాడు. చిన్నకోడలు కనిపించిన ప్రతిసారీ వెనక నుంచి వయొలిన్ ఒకటి గీరుతుంది, ఈవిడతో జాగ్రత్త సుమా అని మనకి చెప్పడానికి. కానీ ఇంటర్వెల్‌కి ముందు ఆసుపత్రి వరండాలో ఒక షాట్ ఉంది, చూశావా? మందుల కవరు ఒళ్లో బోర్లించుకుని, చీటీ చూసుకుంటూ, ఒక్కో మాత్రల అట్ట వెనక పెన్నుతో పొద్దున, రాత్రి అని రాస్తూ ఉంటుంది. మధ్యలో పెన్ను రాయకపోతే అరచేతి మీద గీసి చూసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. మ్యూజిక్ లేదు, డైలాగ్ లేదు, పది సెకన్లు ఉంటుందేమో. సినిమా మొత్తంలో నాకు నిజమనిపించిన చోటు అదొక్కటే. ఆ తర్వాత డైరెక్టర్ ఆ మనిషిని పూర్తిగా మర్చిపోయి, మళ్లీ క్లైమాక్స్‌లో పిలిచి మామగారి కాళ్ల మీద పడేసి క్షమించమనిపించాడు. దేనికి క్షమించాలి? ఇల్లు అమ్ముదామన్నది మొగుడు, మందులు చూసుకున్నది ఆవిడ. హాల్లో అందరూ కళ్లు తుడుచుకున్నారు, నువ్వు "క్లైమాక్స్ గుండెల్ని పిండేస్తుంది" అని ప్లస్ పాయింట్లలో వేశావు. నాకైతే సినిమాలో పెద్ద మైనస్ అదే, ఎందుకంటే ఆ వరండా షాట్ తీయగలిగిన డైరెక్టరే ఆ కాళ్ల మీద పడే సీనూ తీశాడు. చేతకాక తప్పు చేసినవాడి సంగతి వేరు.

కన్నీళ్ల గురించి నా సొంత బాగోతం ఒకటి చెప్తాను. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక సినిమాకి వెక్కి వెక్కి ఏడ్చి, అదే ఊపులో అర్ధరాత్రి కూర్చుని దాన్ని ఆకాశానికెత్తేశాను. కొన్నాళ్లకి అదే సినిమా టీవీలో వస్తోంది, ఇంట్లో వాళ్లు నిద్రపోతున్నారని సౌండ్ పూర్తిగా తీసేసి చూశాను. అదే సీను వచ్చింది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి నోళ్లు కదుపుతున్నారు, అంతే. ముఖాల్లో ఏమీ లేదు. ఆ రోజు నన్ను ఏడిపించింది వాళ్లు కాదని, బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ వాయించినవాళ్లని అప్పుడు తెలిసింది. అప్పట్నుంచి అనుమానం వచ్చిన సీనుని ఒకసారి సౌండ్ లేకుండా చూడటం అలవాటైంది, ఓటీటీల పుణ్యమా అని ఇప్పుడది చిటికెలో పని. ఏడిపించడం తప్పని నేననడం లేదు. అమ్మా నాన్నా అన్నదమ్ములూ అనేసరికి మనం సగం కరిగిపోయే కూర్చుంటాం, కాబట్టి తెర మీది అమ్మ కోసం ఏడ్చామా, మన అమ్మ గుర్తొచ్చి ఏడ్చామా అన్నది రాయబోయే ముందు తేల్చుకోవాలి. మన అమ్మ గుర్తొచ్చి ఏడిస్తే ఆ క్రెడిట్ డైరెక్టర్‌కి ఎందుకిస్తాం?

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ' దొరికితే చూడు. ముసలి తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి టోక్యో వస్తారు, పిల్లలకి తీరిక ఉండదు, డబ్బులిచ్చి అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపించేస్తారు. ఇదే కథని మరొకరైతే కన్నవాళ్లని గాలికొదిలేసిన కొడుకులూ కూతుళ్లూ అని మూడు పాటలతో లాగించేవాళ్లు. ఇందులో షిగే అనే కూతురు ఉంది, బ్యూటీపార్లర్ నడుపుతుంటుంది. తల్లికి సీరియస్‌గా ఉందని తెలిసి బయల్దేరేటప్పుడే, చావుకి కట్టుకునే బట్టలు కూడా పట్టుకెళ్దామా అని అన్నతో మాట్లాడుతుంది. తల్లి పోయాక భోరుమని ఏడుస్తుంది. అంత్యక్రియలయ్యాక అందరూ కూర్చున్నప్పుడు అమ్మ బట్టల్లో ఫలానావి నాకు కావాలి అని అడుగుతుంది. మనకి ఒళ్లు మండుతుంది. కానీ ఆ ఏడుపు దొంగేడుపు కాదు, ఆ అడగడమూ పగబట్టి అడగడం కాదు, రెండూ ఒకే మనిషి చేసిన పనులు, ఓజు రెండింటినీ ఒకే ఎత్తు నుంచి చూపిస్తాడు. ఇటు నొరికో ఉంది, భర్త పోయిన కోడలు, అందరికంటే బాగా చూసుకున్నది ఆమే. చివర్లో మామగారు మెచ్చుకుంటుంటే ఒప్పుకోదు, నేనూ స్వార్థపరురాలినే, మీ అబ్బాయి గుర్తుకు రాని రోజులూ ఉంటున్నాయి అంటుంది. మంచిదాని చేత ఆ మాట అనిపించడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు.

మనవాళ్లకి ఇది తెలీదని కాదు. 1962 నాటి 'గుండమ్మ కథ'లో గుండమ్మ సవతి కూతురి చేత ఇంటి చాకిరీ అంతా చేయిస్తుంది, అయినా సూర్యకాంతాన్ని చూస్తే కోపం వస్తుంది గానీ అసహ్యం పుట్టదు. నోరు ఎంత పెద్దదో ఎదుటివాడి మాట నమ్మేయడమూ అంతే. ఆ రెంటినీ ఒకే ముఖంలో ఎలా ఇమిడ్చిందో పది వాక్యాల్లో రాయడానికి ప్రయత్నించు, చేయి తిరుగుతుంది.

న్యాయం జరగని చోట దాన్ని అడిగి తీసుకున్న నటులూ ఉన్నారు. 1979లో వచ్చిన 'క్రేమర్ వర్సెస్ క్రేమర్'లో భర్తనీ పిల్లాణ్ణీ వదిలి వెళ్లిపోయే భార్య జోవానా. ఆ పాత్ర మరీ చెడ్డదిగా రాసి ఉందని మెరిల్ స్ట్రీప్ అభ్యంతరం చెప్పింది, కోర్టులో జోవానా చెప్పే వాంగ్మూలాన్ని చివరికి తనే రాసుకుంది. ఆ పాత్రకి ఆస్కార్ వచ్చింది. అయినా సినిమాలో ఎక్కువ భాగం తండ్రీ కొడుకులతోనే గడుస్తుంది, ఆమె ఎందుకు వెళ్లిందో మనం చూడం, ఆమె చెప్తే వింటాం. అంత మంచి సినిమాలోనూ ఆ లోటు లోటే, మంచి సినిమా కదా అని రాయకుండా వదిలేయక్కర్లేదు.

ఇంకో జబ్బు ఉంది, అపార్థం. కథ ముందుకి కదలనప్పుడు ఒకరు తలుపు చాటు నుంచి సగం మాట వింటారు, గంటంబావు అలిగి కూర్చుంటారు. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే గొడవ అది. అలాంటిది కనపడితే నిర్మొహమాటంగా రాయి. ఇరాన్ దర్శకుడు అస్గర్ ఫర్హాదీ 2011లో తీసిన 'ఎ సెపరేషన్'లోనూ ఒక మాట దాచడం మీదే కథ నడుస్తుంది. నాదెర్ తోసేయడం వల్లే ఇంట్లో పనికి వచ్చిన మనిషికి గర్భం పోయిందని అతని మీద కేసు పడుతుంది, ఆమె గర్భవతి అని తనకి తెలియదంటాడు. తెలుసని ఒప్పుకుంటే జైలు, మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రినీ కూతుర్నీ ఎవరు చూస్తారు? అబద్ధమని తెలిసీ మనం అతన్ని తిట్టలేం, పైగా ఆ అబద్ధాన్ని పట్టుకున్నది కూతురే. నోరు విప్పితే గొడవ తీరుతుందా, ఇంకా పెరుగుతుందా అని చూడు, తేడా తెలిసిపోతుంది.

సాగదీత గురించి నువ్వు రాసింది కరెక్టే, కానీ ఎక్కడ సాగిందో చెప్పలేదు. సినిమా నెమ్మదిగా ఉండటం వేరు, చెప్పిందే చెప్పడం వేరు. పెద్దకొడుకు తన జీతం డబ్బు దాచిపెట్టే సీను గుర్తుందా? మొదట చూపించారు, తర్వాత పక్కింటాయన చేత చెప్పించారు, ఆ తర్వాత దాని మీదే పాట పెట్టారు. నేనైతే సీను అయిపోగానే కొత్తగా ఏం తెలిసిందో ఒక ముక్క రాసుకుంటాను, ఏమీ తెలియకపోతే సున్నా చుడతాను. వరసగా మూడు సున్నాలు పడ్డ చోటే ల్యాగ్. ఈ సినిమాకి సెకండాఫ్‌లో నాకు అలా రెండుసార్లు పడ్డాయి, రెండూ పాటల దగ్గరే.

ప్లస్సులు అయిదు రాశాం కదా అని మైనస్సులు కూడా అయిదు వెతకకు, ఇదేమీ తక్కెడ కాదు. ఒకే సంగతి మీద మూడు పేరాలు రాసి, సినిమాటోగ్రఫీకి అర వాక్యం ఇచ్చినా ఎవరూ కేసు పెట్టరు. క్లైమాక్స్ బయటపెట్టకుండా దాని మీద ఎలా రాయాలని అడిగావు. ఏం జరిగిందో చెప్పకు, జరిగినదానికి తగిన కారణం ముందు కనిపించిందో లేదో చెప్పు, చాలు.

వీలైతే వారంలో ఇంకోసారి చూసి తిరగరాసి పంపు. అన్నట్టు నీ రివ్యూలో నటీనటుల పేర్లు ఆరు ఉన్నాయి, ఆ చిన్నకోడలుగా వేసినావిడ పేరు లేదు.

ఉంటాను,
అన్నయ్య