రక్షణ, స్వస్థత రెండూ ఒకటేనా?

సందేహం: జబ్బు నయమైందని మా అత్తగారు చర్చిలో సాక్ష్యం చెబుతూ "రక్షణ పొందాను" అన్నారు. పక్కావిడ "అది స్వస్థతమ్మా, రక్షణ కాదు" అని సరిచేసింది. ఎవరిది రైటు? మోక్షం అనొచ్చా? అసలు "రక్షించబడ్డాను" తెలుగేనా?
– ఒక పాఠకురాలు, కందుకూరు

సమాధానం: ఇప్పటి వాడుకలో పక్కావిడదే రైటమ్మా. ఒంటికి నయమైతే స్వస్థత, పాపం నుంచి విడుదల దొరికితే రక్షణ. స్వస్థత కూటం అని పోస్టరేస్తే జనం రోగుల్ని తీసుకెళ్తారు, "రక్షణ పొందారా?" అని అడిగితే మాత్రం ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టు కాదు.

అయితే మీ అత్తగారి మాటా కొట్టిపారేసేది కాదు. సువార్తల గ్రీకు మూలంలో చాలా చోట్ల రెంటికీ ఒకటే క్రియ, సోజో. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి యేసు వస్త్రం ముట్టుకున్నావిడతో ఆయన అన్న మాట మార్కు 5:34లో "నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను" అని ఉంటుంది. లూకా 7:50లో కన్నీళ్లతో ఆయన పాదాలు తడిపినావిడకి జబ్బేమీ లేదు, అక్కడ "నీ విశ్వాసము నిన్ను రక్షించెను". గ్రీకులో రెండూ పొల్లు పోకుండా ఒకే వాక్యం! సందర్భం చూసి మన బైబిలు అనువాదకులు విడదీశారు, సబబుగానే.

రక్షణలో కూడా దేన్నించి అన్నది చూసుకోవాలి. 1876–78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేట్టు చేశాడు. ఆకలి చావు నుంచి కాపాడటమూ రక్షణే కదా. కానీ తిండి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

మోక్షం అనకపోవడమే మంచిది, వినేవాళ్లకి పునర్జన్మలు తప్పడం స్ఫురిస్తుంది. క్రైస్తవులు శరీరం కూడా చివరికి తిరిగి లేస్తుందని నమ్ముతారు, స్వస్థత రక్షణకి అంత దగ్గరగా ఉండటం అందుకే. అలాగని జబ్బు తగ్గనివాడికి రక్షణే లేదనడం (ఈ మధ్య మైకుల్లో వినపడుతోంది) బైబిలు వాక్యానికే విరుద్ధం. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లు (తనని వేధించే బాధని ఆయన అలా అన్నాడు) తీసెయ్యమని ప్రభువుని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని, ముల్లు తీసినట్టు ఎక్కడా లేదు.

ఇక "రక్షించబడ్డాను". బడు తగిలించడం మన నుడికారం కాదు, "రక్షణ పొందాను" హాయిగా ఉంటుంది. కానీ ఇది నా గొప్ప కాదు, ఆయన చేసిందే అని నొక్కి చెప్పాలనుకునేవాళ్లకి ఆ బడు కావాలి, తరాలుగా నోళ్లలో నానిన మాటని నేనైతే దిద్దను. మీ అత్తగారు మాత్రం ఈసారి "స్వస్థత కలిగింది" అంటే పక్కావిడ అడ్డురాదు.