అమ్మాయి ఆఫీసు టేబుల్ మీద వాక్యం తీసేసింది, చూస్తూ ఊరుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి ప్రభుత్వ కార్యాలయంలో పింఛన్ల విభాగంలో పనిచేస్తుంది. సండే స్కూల్లో పెరిగిన పిల్ల. ఉద్యోగంలో చేరినప్పుడు నేనే ఒక బైబిల్ వాక్యానికి ఫ్రేము కట్టించి ఇస్తే టేబుల్ మీద పెట్టుకుంది. ఈమధ్య ఏ మతానికి సంబంధించినవైనా టేబుళ్ల మీద ఉండకూడదని పైవాళ్లు చెప్పారట. ఆ రోజే ఇంటికి తెచ్చేసింది. పైగా ‘మంచి పనే నాన్నా, అది అందరి ఆఫీసు’ అంది. ‘మనుషుల ముందు నన్ను ఎరుగనన్నవాణ్ణి నేనూ ఎరుగనంటాను అన్నాడు ప్రభువు, తెలుసా?’ అని అరిచాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. నేను సంఘ పెద్దని. సెక్యులరిజం పేరుతో దేవుణ్ణి బయటికి గెంటేస్తుంటే నోరు మూసుకుని ఉండాలా?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయాయి. సమాజంలో దేవుడి మాటకు చోటు లేకుండా పోతోందన్నది ఒకటి. కన్నబిడ్డ విశ్వాసం చల్లారిపోతోందేమోనన్నది రెండోది. మీరు వాదించింది మొదటిదాని గురించి. మీకు నిద్ర పట్టనివ్వనిది రెండోదేనని నాకనిపిస్తోంది.

ముందు ఆ టేబుల్‌కి అటువైపు కుర్చీలో కాసేపు కూర్చుని చూడండి. భర్త పోయిన ఒకావిడ పింఛను కాగితాలు పట్టుకుని వచ్చింది. ఆమెది వేరే మతం. కాగితంలో ఏదో తేడా ఉందని ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఎదురుగా ఫ్రేములో బైబిల్ వాక్యం కనిపించింది. మీ అమ్మాయి మనసులో ఏ భేదమూ లేకపోవచ్చు. కానీ ‘వాళ్ల మతం మనిషినైతే నా పని ఎప్పుడో అయిపోయేది’ అని ఆవిడ అనుకుంటే తప్పుపట్టగలమా? ఇప్పుడు కుర్చీలు మార్చండి. సంతకం పెట్టాల్సిన అధికారి వేరే మతస్థుడు, ఆయన వెనక గోడ నిండా ఆయన మత చిహ్నాలు, కాగితాలు పట్టుకుని నిలబడ్డది మీరు. ఇతరులు మీకేం చేయాలని కోరుకుంటారో అదే మీరు వాళ్లకి చేయండని ప్రభువు చెప్పింది ఇలాంటి చోట్ల కోసం కూడా.

ఎరుగననడం గురించిన వాక్యం మత్తయి పదో అధ్యాయంలోది. శిష్యుల్ని అధిపతుల ముందుకు, రాజుల ముందుకు ఈడ్చుకెళ్తారని హెచ్చరిస్తూ చెప్పిన మాట అది. మీ అమ్మాయిని ఎవరైనా ‘నువ్వు క్రీస్తును నమ్ముతావా’ అని అడిగితే కాదందా? మీ ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదు. ఆ వాక్యాన్ని ఆమె మీదికి విసరడం అన్యాయం.

రాజ్యం మతం జోలికి రాకూడదన్న ఆలోచన నాస్తికులదేనని చాలామంది విశ్వాసులు నమ్ముతారు. చరిత్ర అలా లేదు. క్రైస్తవులు హింసలు పడుతున్న కాలంలో, సుమారు 212లో, ఆఫ్రికాలోని రోమన్ అధికారి స్కాపులాకి క్రైస్తవ రచయిత టెర్టులియన్ ఒక లేఖ రాశాడు. బలవంతంగా చేయించేది మతం కాదని అందులో వాదించాడు. రోజర్ విలియమ్స్ పాస్టరు. మనస్సాక్షి విషయంలో ప్రభుత్వానికి అధికారం లేదన్నందుకు అమెరికాలోని మసాచుసెట్స్ కాలనీలోని సాటి క్రైస్తవులే 1635లో ఆయన్ని బహిష్కరించారు. మరుసటి ఏడాది 1636లో ఆయన ప్రావిడెన్స్ అనే ఊరు స్థాపించి, అక్కడ ఎవరి నమ్మకం వారిదేనన్నాడు. చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ ఉండాలన్న అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ మాట అందరికీ తెలుసు. 1802లో ఆయన ఆ మాట రాసింది బాప్టిస్టు విశ్వాసులకి ఇచ్చిన జవాబులో. వాళ్ల కనెక్టికట్‌లో వేరే క్రైస్తవ శాఖకి ప్రభుత్వ ఆదరణ ఉండేది. తమ స్వేచ్ఛ ఎవరో దయతలచి ఇచ్చినట్టు ఉండకూడదని వాళ్లు మొరపెట్టుకున్నారు. అధికారం ఒక శాఖ చేతిలో ఉంటే మిగతా క్రైస్తవులకే ఊపిరాడదని వాళ్లకి అనుభవంలో తెలిసింది.

అలాగని సెక్యులరిజం పేరుతో జరిగే ప్రతిదానికీ తలూపమనను. విశ్వాసి ప్రజా జీవితంలో నోరెత్తకూడదు, ప్రార్థన నాలుగు గోడల మధ్య దాచుకోవాలి అంటే అది నాకు సమ్మతం కాదు. మెడలో చిన్న సిలువ వేసుకున్నందుకు విమానయాన సంస్థ ఒక ఉద్యోగినిని పనికి రానివ్వకపోతే, 2013లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆమె పక్షానే తీర్పు చెప్పింది. మంచి తీర్పు. బానిస వ్యాపారం మీద బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ ఏళ్ల తరబడి పోరాడి 1807లో చట్టం తెప్పించగలిగింది విశ్వాసం బలంతోనే. ఆ విశ్వాసం లేనివాళ్లకీ అర్థమయ్యే సాక్ష్యాధారాలు పార్లమెంటు ముందు పెట్టాడు. మీకు బయట మాట్లాడాలని ఉంటే అలా మాట్లాడండి, నేను మీ వెనకే ఉంటాను. కానీ మీ అమ్మాయి టేబుల్ ఆమె సొంతం కాదు, అక్కడ ఆమె రాజ్యం తరఫున కూర్చుంటుంది. నియమం ఒక్క మతానికే పెడితే అడ్డు చెప్పాల్సిందే. అందరికీ ఒకటే అయినప్పుడు గొడవెందుకు?

దానియేలు గుర్తున్నాడు కదా. ప్రార్థన చేయొద్దని శాసనం వచ్చినా మానలేదు, తన ఇంటి కిటికీలు తెరిచే చేశాడు. కొలువులో మాత్రం ఆయన పనిలో లోపం పట్టుకోవాలని శత్రువులు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. మీ అమ్మాయి దగ్గరికొచ్చే ముసలివాళ్లతో ఎలా మాట్లాడుతుందో, లంచం ఇవ్వబోతే ఏం చేస్తుందో ఎప్పుడైనా అడిగారా? ఆమె సాక్ష్యం తెలియాలంటే అక్కడ చూడండి.

ఇక ఇంటి సంగతి. అరిచినందుకు సారీ చెప్పండి. ‘నీ విశ్వాసం ఏమైపోతుందోనని భయమేసింది’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆమె మాట్లాడుతుంటే మధ్యలో వాక్యం ఎత్తకండి. ఆమెకి నిజంగానే సందేహాలు ఉన్నాయని తేలినా గాభరా పడొద్దు. నాన్నతో చెప్పుకోగలిగే సందేహం మనసులో దాచుకునేదానికంటే వెయ్యి రెట్లు నయం. సంఘంలో దీన్ని ప్రార్థనాంశంగా పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. వారం తిరక్కుండా ఆమె పేరు అందరి నోళ్లలో నానుతుంది, అప్పుడు ఆమె ఆదివారం గుడికి రావడం కూడా మానేయొచ్చు. ఆ ఫ్రేమును ఎక్కడ పెట్టాలో ఆమెనే అడగండి.