ఇంట్లో గడగడా చెబుతుంది, హాల్లో రాయలేదు

ప్రశ్న: మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. అమ్మాయిని బడికి పంపకుండా నేనే చదివించాను. పది, ఇంటర్ ఓపెన్ స్కూల్లో పాసైంది. ఇప్పుడు విజయనగరంలో డిగ్రీ, బోటనీ. మొదటి మిడ్‌లో నాలుగు ప్రశ్నలకు ఒక్కటే రాసింది. ఇంట్లో అడిగితే అన్నీ చెబుతోంది. ‘బడికి పంపి ఉంటే ఈ గతి పట్టేదా’ అని మావారు దెప్పుతున్నారు.

జవాబు: మీరు పంపిన జవాబు పత్రం చూశాను. కిరణజన్య సంయోగక్రియ మీద నాలుగు పేజీలు, అంతా సరిగ్గానే ఉంది. మిగతా మూడు ప్రశ్నలకు టైం మిగల్లేదు, అంతే.

తను మీకు పాఠం అప్పజెప్పేటప్పుడు మీరు మధ్యలో ‘ఊఁ, తర్వాత?’ అంటారు కదా. తర్వాతి పాయింటు అందించేది ఆ మాటే. హాల్లో అది ఉండదు. పైగా ఇంట్లో మాట తెలుగులో, పేపర్లో రాత ఇంగ్లీషులో. ముందు ఆ ‘ఊఁ’ మానేయండి. ప్రశ్న కాగితం మీద రాసిచ్చి, పుస్తకం మూయించి, మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. ఇంగ్లీషులోనే రాయాలి. అయ్యాక తనే పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చుకోవాలి. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, ఐదు నిమిషాలకే పరీక్ష పెడితే మళ్లీ చదువుకున్నవాళ్లు మెరుగ్గా రాశారు. వారం ఆగి పెడితే చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లది పైచేయి అయింది. సెమిస్టర్ పరీక్షలు చదివిన ఐదు నిమిషాలకే పెట్టరుగా!

మీరు జతచేసిన మోడల్ పేపర్ 75 మార్కులకు, మూడు గంటలు. షార్టులు ఐదు, ఎస్సేలు ఐదు. ప్రశ్నలు ఎంచుకోవడానికి 10 నిమిషాలు, షార్టుకు 10 చొప్పున, ఎస్సేకు 22 చొప్పున, చివర సరిచూసుకోవడానికి 10. ఇరవై రెండు నిమిషాలు కాగానే వాక్యం సగంలో ఉన్నా ఆపేసి, అర పేజీ ఖాళీ వదిలి ముందుకు వెళ్లాలి. రాసినదాన్నే సాగదీసి ఇంకో మార్కు రాబట్టడం కష్టం. ముట్టని ప్రశ్నలో మొదటి మూడు నాలుగు మార్కులు తేలిగ్గా వస్తాయి. బోటనీలో బొమ్మ ముందు వేయమనండి. క్లోరోప్లాస్టు గీసి గ్రానా, స్ట్రోమా గుర్తిస్తే, కాంతి చర్యలు ఎక్కడో, కాల్విన్ వలయం ఎక్కడో ఆ బొమ్మే వరస చెబుతుంది.

మొదటి పది రోజులు రోజుకో షార్టు, ఆ తర్వాత రోజుకో ఎస్సే. సెమిస్టర్ లోపల కనీసం మూడుసార్లు పూర్తి పేపరు, అదీ ఇంట్లో వద్దు. జిల్లా గ్రంథాలయంలో, చుట్టూ కుర్చీలు జరిగే చప్పుడు మధ్య రాయాలి. అలవాటు లేని చెయ్యి రెండో గంటలో లాగుతుంది. అది పరీక్ష రోజున మొదటిసారి తెలియకూడదు. ఫోను బ్యాగులో, వాచీ బల్ల మీద.

మీవారికీ ఒక పని అప్పగించండి. పాత పేపర్ల నుంచి ప్రశ్నలు ఏరడం, టైం చూడడం ఆయన వంతు. ఆ పూట మార్కుల ఊసెత్తకూడదని ముందే మాట తీసుకోండి.

ఇంతా సాధన చేశాక కూడా పరీక్ష అనగానే నిద్ర పట్టకపోవడం, గుండె దడ, వాంతులు ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.