దూడను తిన్నది చిరుతేనా? పాడి రైతుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది హైదరాబాదు శివారులో యాచారం వైపు ఉన్న ఒక పల్లె. బావి దగ్గర వేపచెట్టుకు కట్టేసిన నాలుగు నెలల దూడ, తెల్లవారి చూసేసరికి యాభై గజాల దూరంలో సగం తినేసి పడి ఉంది. నెల తిరగకముందే ఇది రెండోది. చిరుత అని కొందరు, కుక్కలని కొందరు అంటున్నారు. కళేబరం మీద పురుగుల మందు చల్లితే పీడ వదులుతుందని పక్క పొలం వారి సలహా. ఏం చేయమంటారు? పరిహారం వస్తుందా?
– ఒక పాడి రైతు

జవాబు: ముందు పురుగుల మందు సంగతి. ఆ పని మీరు చేయకండి, పక్కవారిని చేయనివ్వకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనంలో విషం పెట్టడం కూడా ఉంది, చిరుతపులి ఆ చట్టం ఒకటవ షెడ్యూలులోని, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలోని జంతువు కనుక నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గని జైలు శిక్ష పడుతుంది. చట్టం మాట అటుంచినా, మందు చల్లిన కళేబరాన్ని మొదట ముట్టేది చిరుతేనన్న నమ్మకం ఏమీ లేదు. కాకి కావచ్చు, నక్క కావచ్చు, మీ సొంత కాపలా కుక్కే కావచ్చు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో విషం పెట్టిన పశువు కళేబరం తిని పులి చనిపోయిన సంగతి మీరూ పత్రికల్లో చదివే ఉంటారు.

ఇక తిన్నది ఏదో తేల్చుకోవడం. పశువైద్యుడిగా నేను చూసిన ఒక దూడ సంగతి చెబితే మీకు సులువుగా అర్థమవుతుంది. పైకి చూస్తే మెడ దగ్గర గాయమే లేనట్టుంది. తడిగుడ్డతో తుడిచి, వెంట్రుకలు కత్తిరించాక గొంతు కింద నాలుగు రంధ్రాలు కనిపించాయి. ఒక్కొక్కటి చిటికెన వేలి కొన దూరేంత ఉంది, అంతే. కానీ చర్మం ఒలిచి చూస్తే లోపలి కండంతా నల్లగా కమిలి, రక్తం గడ్డకట్టి ఉంది. అలా కమిలిందంటే కోరలు దిగేనాటికి దూడ బతికే ఉందన్నమాట. వేరే కారణంతో చచ్చినదాన్ని తర్వాత ఏ జంతువో పీక్కుతింటే ఆ గుర్తు ఉండదు. గొంతు పట్టి ఊపిరి ఆడకుండా చేసి చంపడం, పొద చాటుకు ఈడ్చుకుపోవడం చిరుత పద్ధతి. కుక్కల గుంపు తొడలు, పొదుగు, చెవులు, తోక, ఏది దొరికితే అది పీకుతుంది. మందలో పడితే నాలుగైదింటిని గాయపరిచి, దేన్నీ సరిగా తినకుండా పోతుంది. అడుగుల్లోనూ తేడా తెలుస్తుంది. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కనుక పడవు. యాభై గజాలు ఈడ్చిన జాడ ఉందంటే చిరుత మీద అనుమానం బలపడే మాట నిజమే కాని, ఉత్తరం చదివి తీర్పు చెప్పడం నాకు ఇష్టం లేదు.

పరిహారం అటవీ శాఖ ఇస్తుంది, అదీ వన్యమృగం చంపినప్పుడే. ఊరకుక్కల దాడికి ఆ పద్దు కింద రాదు. కాబట్టి కళేబరాన్ని కదిలించకుండా, పూడ్చకుండా ఉంచి, అడుగుజాడల మీద తట్ట బోర్లించి, ఫోనులో ఫొటోలు తీసుకుని, ఆ రోజే బీట్ ఆఫీసరుకు కబురు చేయండి. పంచనామా, పశువైద్యుడి ధ్రువపత్రం ఉంటేనే ఫైలు కదులుతుంది. మొదటి దూడను మీరు పూడ్చేసే ఉంటారని నా అనుమానం.

నొప్పించినా ఒక మాట చెప్పక తప్పదు. ఆరుబయట తాడుకు కట్టిన దూడ చిరుతకు అన్నిటికంటే సులువైన వేట. అది పరుగెత్తలేదు, కొమ్ములతో ఎదిరించే వయసూ కాదు. చిరుత చెట్లెక్కే జంతువు, గోడ దూకడం దానికి లెక్క కాదు. అందుకని నాలుగు వైపులా దడి కట్టి పైన ఖాళీగా వదిలేసిన దొడ్డి పనికిరాదు. పైన కూడా ఇనుప జాలి పరిచి, తలుపు కింద సందు లేకుండా చూసి, చీకటి పడకముందే దూడలను లోపలికి తోలండి. లైటు ఒక్కటే వెలిగించి ధైర్యంగా పడుకోవద్దు. మన శివారుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. కోళ్ల ఫారాల్లో చచ్చిన కోళ్లను, చికెన్ దుకాణాల వ్యర్థాలను బస్తాల్లో తెచ్చి రోడ్డు పక్క గుంతల్లో పడేస్తున్నారు. వాటికోసం కుక్కలు చేరతాయి, కుక్కలకోసం చిరుత వస్తుంది. కుక్క మాంసం దానికి మహా ఇష్టం. కాపలాకని బయట గొలుసుతో కట్టేసిన కుక్క కూడా ఎరలాంటిదే; దాన్నీ రాత్రికి లోపలికి తీసుకోండి.

ప్రశ్న: 2024లో శంషాబాద్ విమానాశ్రయంలో దూరిన చిరుతను పట్టి అడవిలో వదిలారు కదా. శివారుల్లో తిరిగేవాటన్నింటినీ అలాగే నల్లమలకు ఎందుకు పంపరు?
– రాజేంద్రనగర్ పాఠకురాలు

జవాబు: విమానాశ్రయంలో మరో దారి లేదు గనుక మేకలను ఎర వేసి, బోనులు పెట్టి పట్టారు. పొలాల మధ్య తిరిగేవాటి విషయంలో ఆ ఉపాయం పనిచేయదని మహారాష్ట్ర అనుభవం చెబుతోంది. పుణె జిల్లా జున్నరు ప్రాంతంలో 2001 మొదలు రెండు మూడేళ్లపాటు చిరుతలను పెద్ద ఎత్తున పట్టి వేరే చోట్ల వదిలితే, మనుషుల మీద దాడులు తగ్గకపోగా పెరిగాయి. వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ బృందం పరిశోధన ప్రకారం ఏడాదికి సగటున నాలుగుగా ఉన్న దాడులు పదిహేడుకు చేరాయి. తెలియని చోట వదిలిన చిరుత బెదిరిపోతుంది, పాత చోటికి తిరిగి రావాలని చూస్తుంది. అది ఖాళీ చేసిన చోటికి మరొకటి వస్తుంది. పైగా ఒకటవ షెడ్యూలు జంతువుకు బోను పెట్టాలంటే రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పై అధికారి, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి కావాలి. ఆ కాగితం వచ్చేలోపు పై ప్రశ్న అడిగిన రైతు తన దొడ్డికి జాలి బిగించుకోవచ్చు.