గూగుల్ ఎర్త్ జూమ్‌ను ఆగి ఆగి కాకుండా నున్నగా స్క్రీన్ రికార్డ్ చేయడం ఎలా?

స్క్రీన్ రికార్డ్ చేయకండి. స్క్రీన్ రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్ ఓబీఎస్‌లో ఏ సెట్టింగ్ మార్చాలని మీరు అడిగారు. ఏది మార్చినా ఈ జబ్బు కుదరదు.

నదుల మీద ఒక మిత్రుడు చిన్న డాక్యుమెంటరీ తీస్తుంటే పక్కన కూర్చున్నాను. మొదటి షాట్ అంతరిక్షం నుంచి ఒక డెల్టా మీదకి దిగాలి. ఈ పని కోసమే కొత్త గ్రాఫిక్స్ కార్డు కూడా కొన్నాడు మహానుభావుడు. భూగోళం అందంగానే తిరిగింది, ఖండాలూ బాగానే వచ్చాయి. నేల దగ్గరపడేసరికి అంతా అలికినట్టు మసక, ఉన్నట్టుండి స్పష్టం, మళ్లీ మసక. కార్డుదే తప్పని వాడు, నెట్‌దని నేను. అదే దారిలో రెండోసారి దింపితే మసక మాయం! చిత్రాల ముక్కలు అప్పటికే క్యాష్‌లో, అంటే కంప్యూటర్ దాచుకునే తాత్కాలిక నిల్వలో, చేరాయి మరి. కుదుపులు మాత్రం పోలేదు. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దొరికేది దాదాపు 17 మిల్లీసెకన్లు. బొమ్మ గీయడం ఆలస్యమైతే రికార్డర్ ఏం చేస్తుంది, పాత ఫ్రేమునే మళ్లీ రాసుకుంటుంది. ఎడిటింగ్‌లో స్లో చేశారంటే ఆ దొంగ ఫ్రేములన్నీ బయటపడతాయి.

చివరికి డెస్క్‌టాప్ ఎర్త్ ప్రోలో టూర్‌గా దారిని భద్రపరిచి, టూల్స్‌లో ఉన్న మూవీ మేకర్‌కి అప్పగించి పడుకున్నాం. అది స్క్రీన్‌ని పట్టదు, ఒక్కో ఫ్రేమునీ తీరిగ్గా గీసి ఫైల్లో పెడుతుంది. కంప్యూటర్ ఎంత నత్తనడక నడిచినా వీడియోలో కుదుపు ఉండదు. 2015 నుంచి ఎర్త్ ప్రో ఉచితమే, అయినా దాని మెనూలు తెరిచి చూసే ఓపిక ఎవరికీ లేదు. ఇంకా పట్టు కావాలంటే క్రోమ్‌లో నడిచే ఎర్త్ స్టూడియో ఉంది. కీఫ్రేములు (ఏ క్షణంలో కెమెరా ఎక్కడుండాలో చెప్పే గుర్తులు) పెట్టుకుని జేపెగ్ బొమ్మల వరుసగా దించుకోవచ్చు. ఎడిటర్‌లోకి తెచ్చాక ఆ వరుసని మీ ప్రాజెక్టు ఫ్రేమ్ రేటుకే చదివించండి, లేకపోతే వేగం మారిపోతుంది.

అసలు సగం మందికి సమస్య కుదుపు కాదు, వేగం. ఎత్తుని సమానంగా తగ్గిస్తూ పోతే షాట్ మొదట్లో ఏమీ కదలదు, చివర్లో నేల ముఖానికి గుద్దుకుంటుంది. ఎత్తు ప్రతిసారీ సగమవ్వాలి. 20,000 కిలోమీటర్ల నుంచి ఒక కిలోమీటరుకి రావడానికి సుమారు 14 సగాలు చాలు. అరసెకనుకో సగం అనుకుంటే ఏడు సెకన్ల షాట్. అంతకంటే సాగదీస్తే నేనైతే ముందుకి జరిపేస్తాను.

ఇంకో గోల: వంట వీడియో కూడా అంతరిక్షం నుంచే మొదలవ్వాలా? దానికి "వూష్" శబ్దం ఒకటి! పైగా మూలన ఉండే గూగుల్ పేరూ, చిత్రాలిచ్చిన సంస్థల పేర్లూ క్రాప్ చేసేస్తారు. అవి తెర మీద ఉండాలన్నది వాడకపు షరతు, మీ దయ కాదు.

రికార్డే చేస్తానంటారా? ముందు సైడ్‌బార్, దిక్సూచి దాచేయండి. నావిగేషన్ ఆప్షన్లలో ఫ్లై-టు వేగం, అంటే ఒక చోటికి ఎగిరి వెళ్లే వేగం, బాగా తగ్గించండి. అదే దారిలో ఒకసారి వెళ్లొచ్చాకే రికార్డ్ నొక్కండి. కదలికకి మౌస్ చక్రం ముట్టుకోవద్దు, ప్లేస్‌మార్క్ (మ్యాప్ మీద మీరు పెట్టుకున్న చోటు గుర్తు) మీద డబుల్ క్లిక్ చేసి చేతులు తీసేయండి.