టెక్ సందేహాలు: ఊరు పెరగడం లేదంటే నీళ్లు చూడండి

సెలవులు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నల తీరే మారిపోతుంది. ఫోన్ వేడెక్కుతోంది, వైఫై అందడం లేదు అనేవాళ్లు తగ్గి, గేముల వాళ్లు మొదలవుతారు. ఈసారి ఎక్కువ మంది అడిగింది 'సివిలైజేషన్ 6' గురించి. ఊళ్లు కట్టి, రాజ్యాన్ని పెంచుకునే గేమ్ అది, 2016లో వచ్చింది. 2025లో ఏడోది కూడా వచ్చింది కానీ, మనవాళ్ల లాప్‌టాప్‌లలో ఇంకా ఆరే నడుస్తున్నట్టుంది. టర్న్ (ఆటలో ఒక వంతు) అంటే ఏమిటి, సెట్లర్‌ని (కొత్త నగరం కట్టే మనిషిని) ఎలా నడపాలి లాంటివి వదిలేస్తున్నాను. అవి గేమే చెబుతుంది. గేమ్ చెప్పనివి చూద్దాం.

"నా రాజధానిలో తిండికి లోటు లేదు. అయినా జనాభా 4 దగ్గరే ఆగిపోయింది. బగ్గా?" అని తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని అడిగారు. మాటలు వేరైనా ఇదే ఫిర్యాదు ఇంకా చాలామంది నుంచి వచ్చింది.

బగ్ కాదు. మీరు చూస్తున్నది తిండి లెక్క, బండి ఆగింది ఇళ్ల లెక్క దగ్గర. ఈ గేమ్‌లో నగరాన్ని నది, చెరువు లాంటి మంచినీళ్ల పక్కన కడితే 5 హౌసింగ్ (ఎంత జనాభాకు ఇళ్లున్నాయో చెప్పే అంకె) వస్తుంది. సముద్రతీరంలో అయితే 3. నీళ్లే లేని చోట 2. రాజధాని కాబట్టి ప్యాలెస్ తరఫున ఇంకొకటి కలుస్తుంది, అంతే. జనాభాకన్నా హౌసింగ్ ఒక్కటే ఎక్కువ ఉంటే పెరుగుదల సగానికి పడిపోతుంది. రెండూ సమానమైతే పావు వంతే మిగులుతుంది. జనాభా హౌసింగ్‌కన్నా 5 ఎక్కువైతే పూర్తిగా ఆగుతుంది. అక్కడ తిండి ఎంత మిగిలినా మనుషులు పెరగరు.

చంద్రగిరి వెళ్లినప్పుడు కోట చుట్టూ ఒకసారి చూడండి. వెనక కొండ, దగ్గర్లోనే స్వర్ణముఖి. పెనుకొండ తర్వాత విజయనగర రాజులు రాజధాని అక్కడ పెట్టుకున్నారంటే ఊరికే కాదు. గేమ్‌లోనూ అదే చూపు కావాలి. సెట్లర్‌ని ఎంచుకోగానే నేల మీద రంగులు పడతాయి. ముదురాకుపచ్చ అంటే మంచినీళ్లు, లేతాకుపచ్చ అంటే తీరం, బూడిద రంగు అంటే నీళ్లు లేవు. మొదటి టర్న్‌లోనే, నిలబడ్డ చోటే నగరం కట్టేయాలన్న తొందర చాలామందికి. ఒకటి రెండు టర్నులు నడిచి ముదురాకుపచ్చ గడి మీద కట్టుకుంటే పోయేదేమీ లేదు. ఇప్పటికే కట్టేసినవాళ్లు ముందు గ్రానరీ (ధాన్యపు కొట్టు) కట్టండి, 2 హౌసింగ్ వస్తుంది. ఒక్కో పొలానికి అర చొప్పున కలుస్తుంది. తర్వాత ఆక్విడక్ట్ (ఊరికి నీళ్లు తెచ్చే కాలువ). జనాభా పెరగడం ఎందుకంత ముఖ్యమంటారా? డిస్ట్రిక్టులు (నగరంలో ఒక్కో పనికి కట్టే పేటలు) దాన్నిబట్టే దొరుకుతాయి. మొదటిది 1 దగ్గర, రెండోది 4 దగ్గర, మూడోది 7 దగ్గర.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. తిండి అంకెను కళ్లముందు పెట్టి, ఆగడానికి కారణాన్ని ఇంకో ప్యానెల్ లోపల చిన్న అక్షరాల్లో దాచారు. ఇది ఈ ఒక్క గేమ్‌కి పట్టిన జబ్బు కాదు. డబ్బులు కట్ అయ్యాక "ఏదో తప్పు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అని చెప్పే యాప్‌లన్నీ ఈ బాపతే. ఏం జరిగిందో సర్వర్‌కి తెలుసు. చెబితే యూజర్ కంగారు పడతాడని చెప్పరు. చెప్పకపోతే ఇంకా కంగారుపడి రెండోసారి నొక్కుతాడు, రెండోసారి కూడా డబ్బులు పోతాయి. డిజైన్ సింపుల్‌గా ఉంచడం వేరు, కారణం మింగేయడం వేరు. ప్రతి అప్‌డేట్‌కీ బటన్ల మూలలు గుండ్రంగా చేస్తూ కూర్చోకుండా ఈ ఒక్క వాక్యం సరిగ్గా రాయొచ్చు కదా!

సరే, గేమ్‌లోకి వద్దాం. శ్రీకాళహస్తి పాఠకుడొకరు "ఈజీలో ఆడుతున్నా బార్బేరియన్లు గుంపుగా వచ్చి పడుతున్నారు" అన్నారు. బార్బేరియన్లంటే ఏ దేశానికీ చెందని దోపిడీ గుంపులు. వాళ్లు ఊరికే రారు సామీ. ముందు ఒక వేగు ఒంటరిగా వస్తాడు. మీ నగరం కంటపడగానే వాడి తలమీద ఎర్రటి ఆశ్చర్యార్థకం వెలుగుతుంది. అక్కణ్నుంచి తన శిబిరానికి పరుగు. వాడు చేరాకే గుంపు బయల్దేరుతుంది. అంటే ఆ గుర్తు కనబడ్డ క్షణం నుంచి మీకు కొన్ని టర్నులు టైముంది. వాడు తిరిగి వెళ్లే దారికి అడ్డంగా సైనికుణ్ని పెట్టి చంపేస్తే సగం టెన్షన్ తీరినట్టే. చివరి దెబ్బ స్లింగర్‌తో (వడిసెల సైనికుడితో) కొట్టించండి. అలా చంపితే విలువిద్య పరిశోధన సగానికి దగ్గరగా అప్పుడే పూర్తవుతుంది. మొదటి పది టర్నుల్లోనే గుళ్లూ అద్భుతాలూ మొదలుపెట్టి ఊరికి కాపలా పెట్టని వాళ్ల మీద నాకు పెద్దగా జాలి లేదు.

కొండమీది శత్రువుని కొడితే తన సైనికుడే చస్తున్నాడని ఇంకొకరి బాధ. సమాన బలం ఉంటే ఒక్క దెబ్బకు సైనికుడి 100 ప్రాణంలో సుమారు 30 పోతుంది. కొండ, నది, పాతుకుని కూర్చోవడం అన్నీ ఎదుటివాడికే కలిసొస్తాయి. కొట్టేముందు మౌస్ శత్రువు మీద పెడితే ఫలితం ఎలా ఉండబోతోందో గేమే చూపిస్తుంది. అది చూసి కొట్టండి.

ఇక అసలు విషయం. చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్న ఇది: "టెలిగ్రామ్‌లో లింక్ దొరికింది. అన్ని డీఎల్‌సీలూ (విడిగా కొనే అదనపు భాగాలు) కలిపి ఫ్రీ. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా?"

వద్దు. యాంటీవైరస్ ఆపితే తప్ప పనిచేయని ఫైలు మీకు గేమ్ ఇచ్చినా ఇవ్వకపోయినా, దాంతోపాటు ఇంకేం తెచ్చిందో మీకు చెప్పదు. ఇలాంటి ఫైళ్లలో ఎక్కువగా దాక్కునేవి సమాచారం దోచే ప్రోగ్రాములు. స్క్రీన్ ఎర్రగా మారడం, డబ్బులడగడం లాంటి హడావుడి ఏమీ ఉండదు. గేమ్ చక్కగా నడుస్తుంటుంది. ఈలోపు బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు బయటికి వెళ్లిపోతాయి. చాలామందికి అర్థంకానిది ఈ కుకీల సంగతే. మీరు ఒకసారి ఓటీపీ కొట్టి లాగిన్ అయ్యాక, సైటు మళ్లీ మళ్లీ అడగకుండా ఒక గుర్తు మీ కంప్యూటర్లో పెట్టుకుంటుంది. ఆ గుర్తు దొంగ చేతికి వెళ్తే సైటు దృష్టిలో అతనే మీరు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. బ్యాంకు సైటు కాసేపటికి తానే లాగౌట్ చేస్తుంది, ఈమెయిల్ చేయదు. ఈమెయిల్ పోయిందంటే మిగతావన్నీ దాని వెనకాలే పోతాయి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తిరుపతిలో ఇల్లు ఉందంటే, 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా విడుదలయ్యే ముందు హైదరాబాద్ మేనత్త నుంచి చెన్నై బావ దాకా అందరి ఆధార్ ఫొటోలూ మనకే వస్తాయి. అవి ఇంట్లో ఉన్న ఒక్క లాప్‌టాప్‌లో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో, 'అత్త ఆధార్', 'అత్త ఆధార్ కొత్తది' అని ఏళ్ల తరబడి పడి ఉంటాయి. అదే లాప్‌టాప్‌లో పిల్లవాడు టెలిగ్రామ్ గేమ్ వేస్తాడు. పోయేది మీ ఒక్కరి వివరాలు కాదు. టికెట్ అయిపోగానే ఆ ఫొటోలు తీసేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.

ఇప్పటికే ఆపి ఇన్‌స్టాల్ చేసుంటే నెట్ కట్ చేయండి. పాస్‌వర్డులు ఆ మెషిన్‌లో మార్చకండి, కొత్తవి కూడా పోతాయి. వేరే ఫోన్ నుంచి ముందు ఈమెయిల్ తెరిచి అన్ని డివైస్‌ల నుంచీ లాగౌట్ కొట్టి, అప్పుడు మార్చండి. తర్వాత బ్యాంకు. ఫైళ్లు కాపీ చేసుకుని విండోస్ మొత్తం మళ్లీ వేయించండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఫోన్‌లో 'మోడ్' ఏపీకేలదీ (ఎవరో మార్చి పంచే యాప్ ఫైళ్లదీ) ఇదే కథ. టర్న్‌ల గేమ్‌కి మీ ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ ఎందుకు? యాక్సెసిబిలిటీ (స్క్రీన్ మీదున్నది చదివే, మీ బదులు నొక్కే అనుమతి) అడిగిందంటే తీసేయడమే. పైగా ఈ గేమ్‌ని 2020 మేలో ఒక ఆన్‌లైన్ స్టోర్ వారంపాటు ఉచితంగానే పంచింది. ఇప్పటికీ సేల్ పెట్టినప్పుడల్లా ధర బాగా దిగుతుంది. నాలుగు నెలలు ఓపిక పట్టలేకనా ఇంత సాహసం?

డబ్బు పెట్టలేం, లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది అన్న పలమనేరు తమ్ముడికి: 1996 నుంచీ ఉన్న ఫ్రీసివ్, ఫోన్‌లోనూ నడిచే అన్‌సివ్ ఇదే తరహా గేములు. రెండూ ఓపెన్ సోర్స్, రెండూ ఉచితం. అసలు ప్రాజెక్టు పేజీ నుంచో, ప్లే స్టోర్ నుంచో తీసుకోండి. పైన చెప్పిన హౌసింగ్ లెక్క అక్కడ పనిచేయదు. ఫ్రీసివ్ మామూలు రూల్స్‌లో జనాభా 8 దాటాలంటే ఆక్విడక్ట్ కావాలి, 16 దాటాలంటే మురుగు కాలువలు. ఊరి బయట ఒకే గడిలో సైన్యాన్నంతా గుంపుగా పెట్టకండి, ఒకడు ఓడితే అందరూ పోతారు. అన్‌సివ్ సివిలైజేషన్ అయిదో భాగాన్ని అనుసరించి చేసింది కాబట్టి అక్కడ దేశం మొత్తానికీ ఒకటే సంతోషం లెక్క. కొత్త నగరం కడితే 3, ప్రతి పౌరుడికి 1 చొప్పున తగ్గుతుంది. కొత్త రకం విలాస వస్తువు దొరికితే 4 పెరుగుతుంది. అదే వస్తువు రెండోది దొరికితే మీకు ఏమీ కలవదు. దాన్ని పక్క దేశానికిచ్చి వాళ్ల దగ్గరున్న వేరే రకం తెచ్చుకోండి.