బంతి రాని నిమిషాలు: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. తెలుగులో ఎస్టోనియా ఫుట్‌బాల్ ఆటగాడి మీద రాయాలన్న బుద్ధి నీకెలా పుట్టిందో తెలియదు కానీ, పుట్టినందుకు సంతోషం. "మన రహీం సాబ్ ఉండగా బాల్టిక్ తీరం వాడి సంగతి మనకెందుకయ్యా" అని అడిగేవాళ్లు ఉంటారు. భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెప్పించిన ఆ హైదరాబాదీ మీద వాళ్లనే ఒక వ్యాసం రాయమను. నీ జోలికి రారు.

ఇక అసలు సంగతి. నువ్వు పంపింది పదకొండు పేజీలు. అందులో పదిన్నర అంద్రెస్ ఒపెర్ కొట్టిన గోల్స్. చివర ఒకే ఒక్క వాక్యం: "ఆట నుంచి తప్పుకున్నాక ఆయన కోచ్‌గా మారారు." అంతే, అయిపోయింది. పెళ్లి పందిట్లో శుభం కార్డు వేసే మన పాత సినిమాలు గుర్తొచ్చాయి. కాపురం చేసింది ఎవరు?

నీ తప్పు మాత్రమే కాదులే, ఇది నేనూ చేసిన తప్పు. చాలా ఏళ్ల కిందట మా ఇంటికి దగ్గరలోని మైదానంలో ఒక పాత ఆటగాడు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. మోకాలు పాడై ఆట మానేసిన మనిషి. ఆయన మీద ఒక వ్యాసం రాసి, అచ్చయిన పత్రిక తీసుకెళ్లి ఇచ్చాను. ఆడిన రోజులన్నీ రాశాను, కప్పులు రాశాను, జనం భుజాలకెత్తుకోవడం రాశాను. ఆయన అక్కడే నిలబడి మొత్తం చదివి, కాగితం మడిచి, "మరి పొద్దున ఐదింటికి ఇక్కడికి వచ్చేది ఎవరు?" అన్నాడు. నేను నవ్వేసి వచ్చాను. ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. నీకు అంత సమయం ఎందుకు, ఇప్పుడే చెబుతున్నాను.

నీ దగ్గర రెండు అంకెలు ఉన్నాయి. ఎస్టోనియా తరఫున ఒపెర్ ఆడినవి 134 మ్యాచ్‌లు, కొట్టినవి 38 గోల్స్. ఆ దేశ చరిత్రలో అంతకంటే ఎక్కువ కొట్టినవాడు లేడు. నువ్వు 38ని పట్టుకుని ఊరేగించావు. 134ని మాత్రం బ్రాకెట్లో పెట్టి మరిచిపోయావు. ఒకదానిలోంచి ఒకటి తీసేసి చూడు. ఒక్కో మ్యాచ్‌కు ఒక్కటే గోల్ అనుకున్నా, కనీసం 96 మ్యాచ్‌లలో అతను గోల్ లేకుండానే ఇంటికి వెళ్లాడు. దేశంలోకెల్లా గొప్ప స్ట్రైకర్ పరిస్థితి ఇది.

ఎందుకలా అని నువ్వు అడగలేదు. ఎస్టోనియా జనాభా దాదాపు 13 లక్షలు. అంత చిన్న దేశం పోర్చుగల్ మీదో నెదర్లాండ్స్ మీదో ఆడేటప్పుడు పదిమంది వెనకే ఉండిపోతారు. ముందున్న ఒక్కడి దగ్గరకు బంతి ఎప్పుడో ఒకసారి వస్తుంది. మరి మిగిలిన సమయమంతా అతను చేసేదేమిటి? బంతి కాళ్ల దగ్గర పెట్టుకున్న డిఫెండర్ మీదికి, దొరకదని తెలిసినా, పరుగెత్తి వెళతాడు. తనకంటే ఎత్తయిన మనిషిని వీపు మీద మోస్తూ ఒక పొడుగు పాస్‌ను ఆపి, వెనకవాళ్లు వచ్చేదాకా కాపాడతాడు. ఇటు పరుగెడితే అటు ఖాళీ ఏర్పడుతుందని, ఆ ఖాళీలోకి ఇంకొకడు వస్తాడని లెక్క వేసుకుంటాడు. ఆ ఇంకొకడు చాలాసార్లు రాడు. ఆట అంతా ఒకేసారి చూడడం అలవాటు కాకపోతే ఈ పని చేయలేడు. ఒపెర్ కోచ్ కావడానికి ఈ నిమిషాలే పునాది అని నా ఊహ. ఊహ అనే చెబుతున్నాను. నువ్వు రాసినా ఊహగానే రాయి, అతని నోట్లో పెట్టకు. నీ ఏడో పేజీలో "ఆ క్షణంలో ఒపెర్ మనసులో ఇలా అనుకున్నాడు" అని ఒక పేరా ఉంది. దాన్ని కొట్టేశాను. నువ్వు అక్కడ లేవు.

ఇప్పుడు నీకు దొరికిన బంగారం లాంటి మ్యాచ్ దగ్గరకు వద్దాం. 2001 జూన్ 2, వరల్డ్‌కప్ అర్హత పోటీ, ఎదుట నెదర్లాండ్స్. ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో కొత్త స్టేడియం తలుపులు తెరిచింది ఆ రోజే. ఆ స్టేడియం సంగతిని నువ్వు మూడు వాక్యాల్లో దాటేశావు! ఆ స్టేడియం ఉన్న పేట పేరు లిల్లెక్యుల. తెలుగులో చెప్పాలంటే పూలపల్లె. అక్కడ ఆడే క్లబ్బు పేరు ఫ్లోరా, పూలదేవత. ఒపెర్ ఎదిగింది ఆ క్లబ్బులోనే. 1990లో ఆ క్లబ్బును పెట్టి, 2007లో ఎస్టోనియా ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షుడైన ఐవర్ పొహ్లక్ పిల్లల పుస్తకాలు రాసిన మనిషి కూడా. ఇలాంటి సంగతులు రచయితకు రోజూ దొరకవు.

ఆ పూలపల్లెలో, ఆ రోజు, రెండో సగంలో మొదటి గోల్ కొట్టింది ఒపెర్. డచ్చివాళ్లు వెంటనే సమం చేశారు. తర్వాత ఇంద్రెక్ జెలిన్‌స్కీ ఇంకొకటి కొట్టాడు. 2–1. ఎదుట ఉన్నది క్లుయివెర్ట్, వాన్ నిస్టెల్‌రూయ్ లాంటి పేరుమోసిన స్ట్రైకర్లు ఉన్న జట్టు, గట్టున వాళ్ల కోచ్‌గా ఉన్నది లూయిస్ వాన్ గాల్. ఆట ముగియడానికి పది నిమిషాలే ఉన్నాయి, ముందంజలో ఉన్నది ఎస్టోనియా. ఆ చివరి నిమిషాల్లోనే మూడు గోల్స్ పడ్డాయి. 2–4.

నువ్వు "వీరోచిత ఓటమి" అని రాశావు. ఆ మాటను కొట్టేసి, ఆ పది నిమిషాలు రాయి. ముందు నిలబడిన ఒపెర్‌కు అక్కడి నుంచి తన సొంత గోల్ ఎంత దూరంలో ఉందో, అక్కడ జరుగుతున్నదాన్ని ఆపడానికి అతని చేతిలో ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో ఆలోచించు. గీత బయట నిలబడిన కోచ్ పరిస్థితి సరిగ్గా అదే. ఆ రోజు ఎస్టోనియా కోచ్ ఆర్నో పైపర్స్ కూడా డచ్చి మనిషే, తన దేశం మీదే గెలవబోయి ఓడాడు. నీ వ్యాసపు రెండు భాగాలను కలిపే ముడి ఈ మ్యాచ్‌లో ఉంది. దీన్ని మూడో పేజీలో అరపేజీ చేయడం అన్యాయం.

అతను తిరిగిన ఊళ్ల జాబితా ఇచ్చావు: ఆల్‌బోర్గ్, మాస్కో, కెర్క్‌రాడె, షాంఘై, ది హేగ్, లార్నకా. రైల్వే టైంటేబుల్‌లా ఉంది. అన్నిటి మీదా రాయమనడం లేదు, రెండు చాలు.

ఒకటి మాస్కో. "చరిత్ర చేసిన విచిత్రం చూడండి" అని మొదలుపెట్టి పాఠకుడి చెయ్యి పట్టుకుని నడిపించావు. అవసరం లేదు. 1977లో అతను టాలిన్‌లో పుట్టాడు, అప్పుడది సోవియట్ యూనియన్. 1991లో ఎస్టోనియా మళ్లీ స్వతంత్ర దేశమైంది. 2003లో అతను టోర్పెడో జట్టులో ఆడడానికి మాస్కో వెళ్లాడు. ఈ మూడు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి తప్పుకో. విచిత్రమో కాదో పాఠకుడు తేల్చుకుంటాడు.

రెండోది కెర్క్‌రాడె. ఇక్కడ మాత్రం నీ మీద కోపం వచ్చింది. రోడా క్లబ్బు ఊరు అది, నెదర్లాండ్స్ దక్షిణ కొసన, జర్మనీ సరిహద్దును ఆనుకుని. 2005 నుంచి 2009 వరకు ఒపెర్ అక్కడే ఆడాడు. అది బొగ్గు గనుల పట్టణం. 1974 నాటికి ఆ ప్రాంతంలో గనులన్నీ మూతపడ్డాయి. నువ్వు పుట్టింది గోదావరిఖనిలో. మీ నాన్న సైరన్ వినగానే సైకిల్ తీసేవాడని నువ్వే చెప్పావు. గని మూతపడ్డాక ఊరికి మిగిలిన జట్టు అంటే ఏమిటో తెలుగు రచయితల్లో నీ అంత బాగా ఎవరికి తెలుసు? ఒక్క ముక్క రాయలేదు. నీకు తెలిసింది పక్కనపెట్టి తెలియని మంచు గురించి రాశావు.

పేర్ల సంగతి కూడా చెప్పేస్తాను. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి గోల్‌కీపర్ మార్ట్ పోమ్‌ను "పూమ్" చేశావు. ఎస్టోనియన్లు అచ్చు పొడవైతే అదే అక్షరాన్ని రెండుసార్లు రాస్తారు. అంటే మనకు దీర్ఘం. ఒంటి అక్షరమైతే హ్రస్వం. అందుకే ఓపర్ కాదు, ఒపెర్. ఇంగ్లిష్ వాళ్లు ఈ తేడా రాయలేరు, మన లిపి నిక్షేపంగా రాస్తుంది. ఉన్న సౌకర్యాన్ని వాడుకోకపోతే ఎలా? వాళ్ల భాషకు పద్నాలుగు విభక్తులు. మన ఎనిమిదికే బడిలో చెవులు మెలిపెట్టించుకున్నవాళ్లం, ఆ మాట ఒకటి సరదాగా ఎక్కడైనా పెట్టవచ్చు. గోల్‌కు వాళ్లు వాడే మాట "వ్యారవ్". ఇంటి ముందు గేటునూ అదే మాటతో పిలుస్తారు. ఇది చదవగానే "స్ట్రైకర్ గేటు లోపలికి దూసుకెళ్లేవాడు, కోచ్ గేటు బయట నిలబడేవాడు" అన్న పోలిక నాకు తట్టింది. నీకూ తట్టే ఉంటుంది. అంత సులువుగా తట్టింది కనుకనే దాన్ని వాడవద్దు. మాట ఒక్కటే ఉంచు.

స్కాట్లండ్ మ్యాచ్ కథ ఎందుకు వదిలేశావో అర్థం కాలేదు. 1996 అక్టోబర్ 9. టాలిన్ కద్రియోర్గ్ స్టేడియంలో తాత్కాలికంగా పెట్టిన దీపాలు బాగాలేవని స్కాట్లండ్ ఫిర్యాదు చేస్తే, సాయంత్రం మ్యాచ్‌ను మధ్యాహ్నం మూడింటికి జరిపారు. ఎస్టోనియా ఒప్పుకోలేదు, రాలేదు. స్కాట్లండ్ ఆటగాళ్లు ఖాళీ సగం ఎదుట ఆట మొదలుపెట్టారు, మూడు సెకన్లకు రిఫరీ ఈల వేసి ముగించాడు. తర్వాత మొనాకోలో మళ్లీ ఆడించారు, 0–0. ప్రపంచానికి ఎస్టోనియా ఫుట్‌బాల్ గురించి తెలిసిన మొదటి సంగతి, ఎస్టోనియన్ ఒక్కడూ మైదానంలో లేని మ్యాచ్! ఒపెర్‌కు అప్పటికి 19 ఏళ్లు నిండడానికి ఇంకా నెల తక్కువ. 17 ఏళ్లకే జాతీయ జట్టులోకి వచ్చిన కుర్రవాడు ఎలాంటి ఇంట్లో అడుగుపెట్టాడో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ ఏముంది?

ఇప్పుడు ముగింపు. నువ్వు ఆట కథను 38వ గోల్‌తో ముగించావు. నేనైతే 2014 మే 26 దగ్గర కథను మలుపు తిప్పుతాను. 134వ మ్యాచ్, ఆఖరిది. సొంత ఊళ్లో, తలుపులు తెరిచిన రోజున తను మొదటి గోల్ కొట్టిన ఆ పూలపల్లె స్టేడియంలోనే. ఎదుట జిబ్రాల్టర్, యూరప్ ఫుట్‌బాల్ సంఘంలో సభ్యత్వం వచ్చి ఏడాదే అయిన జట్టు. 1–1. గెలుపు కూడా కాదు. వీడ్కోలు మ్యాచ్‌ను స్క్రీన్‌ప్లే రచయిత ఎవరూ ఇలా రాయరు. నువ్వు సిగ్గుపడి దాచిపెట్టావని నాకు అనుమానం. దాచకు. నెదర్లాండ్స్ మీద ఆధిక్యంలో నిలిచిన జట్టు, జిబ్రాల్టర్‌తో డ్రా చేసుకుంది. ఈ రెండు సాయంత్రాల మధ్య పదమూడేళ్లు. ఇక ఆడలేని మనిషికి కోచింగ్‌లో చేయవలసిన పని ఎంత ఉందో అక్కడే కనబడుతుంది.

ఆ తర్వాత అతను జాతీయ జట్టులోనే సహాయక కోచ్‌గా చేరాడు. సహాయక కోచ్. ఈ పదం నీకు చిన్నగా అనిపించిందని నీ వాక్యం చూస్తేనే తెలుస్తోంది, "సహాయక" అన్నది ఎగరగొట్టావు. ప్రధాన కోచ్ కుర్చీ ఎలాంటిదో చూడాలంటే ఒపెర్ పాత సహచరుడు మార్టిన్ రెయిమ్‌ను చూడు. 157 మ్యాచ్‌లు ఆడిన మిడ్‌ఫీల్డర్, 2016లో జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. 2019 జూన్‌లో మైంజ్‌లో జర్మనీ చేతిలో 0–8తో ఓడాక తప్పుకున్నాడు. ఆటగాడిగా ఉన్నప్పుడు తమ మీద పడ్డ గోల్‌ను పదకొండు మంది పంచుకుంటారు, ఆ ఎనిమిదీ మాత్రం ఒక్కడి ఖాతాలో పడ్డాయి. సహాయక కోచ్‌కు ఆ ఖాతా ఉండదు, పేరూ ఉండదు. మైదానంలో శంకువులు పేర్చేవాడు, మార్పు ఆటగాడు లోపలికి వెళ్లబోయే ముందు భుజం మీద చెయ్యి వేసి రెండు ముక్కలు చెప్పేవాడు. ఆ రెండు ముక్కలు ఏమై ఉంటాయి? 38 గోల్స్ కొట్టినవాడు, ఇంకా ఒక్కటీ కొట్టని కుర్రవాడికి ఏం చెబుతాడు? ఒపెర్ ఏం చెప్పాడో నువ్వు కల్పించి రాయవద్దు. కానీ అలాంటి మాటలు నీకు దొరికే చోటు ఉంది.

ఆదివారం పొద్దున లేచి మీ ఊళ్లో పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకునే మైదానానికి వెళ్లు. ఆటను చూడకు, నేర్పేవాడి కాళ్లు చూడు. నేను చెప్పిన ఆ పాత ఆటగాడు చేతులు వెనక కట్టుకుని గీత బయట నిలబడేవాడు. పిల్లవాడు గోల్ ముందు బంతి అందుకోగానే ఆయన కుడి పాదం నేల మీద నుంచి అరంగుళం లేచేది. బంతి బయటకు పోయాక మెల్లగా దిగేది. ఆయనకు ఆ సంగతి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. మూడు వారాలు వెళ్లి, చూసింది చూసినట్టు రాసుకో. తర్వాత ఒపెర్ దగ్గరకు రా.

నీ కాగితాలు దీనితోపాటే పంపుతున్నాను. పెన్సిల్ గీతలు చూసి భయపడకు, చెరిపితే పోతాయి. పదకొండో పేజీలో ఆ చివరి వాక్యం తర్వాత ఖాళీ ఉంది కదా, అక్కడ నేను ఏమీ రాయలేదు. కెర్క్‌రాడె భాగం ముందు రాసి పంపు, మీ నాన్నకు చదివి వినిపించాక.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య